చుక్కలు దాటిన మచ్చ

1991 జూన్‌లో నన్ను సూర్యాపేట నుంచి మిర్యాలగూడ ప్రభుత్వ దవాఖానకు బదిలీ చేశారు. అప్పటికి నా హోదా డిప్యూటీ సివిల్ సర్జన్. ఉద్యోగంలో చేరినప్పటి సివిల్ అసిస్టెంట్ సర్జన్‌కు ఒక మెట్టు పైన, దవాఖాన మొత్తాన్ని నడిపే సివిల్ సర్జన్‌కు ఒక మెట్టు కింద. నేను చదివింది జనరల్ సర్జరీ. ఈ మాట మొదట్లోనే గట్టిగా చెప్పుకోవడం నాకు అలవాటైపోయింది. ఆ రోజుల్లో ఆడ డాక్టరంటే కాన్పుల డాక్టరే. హెర్నియాకు ఆపరేషన్ చేస్తానంటే మగవాళ్లు బల్ల మీంచి లేచి లుంగీ సర్దుకుని, "మగ డాక్టరు ఎప్పుడొస్తడమ్మా?" అని అడిగేవారు. "మగ డాక్టరు రాడు, నేనే వచ్చాను, పడుకో" అనేదాన్ని. కొంతమంది పడుకునేవారు. మిగతావాళ్లు నొప్పి ఎక్కువయ్యాక వచ్చి పడుకునేవారు.

సర్జరీ ఓపీ వారానికి మూడు రోజులు. కొడవలి గాట్లు, చీముగడ్డలు, హెర్నియాలు, అపెండిక్స్ నొప్పులు, రైసుమిల్లు బెల్టులో నలిగిన వేళ్లు. ఇవి చూడటంతోనే మధ్యాహ్నం అయ్యేది. పుట్టుమచ్చ చూపించుకోవడానికి ఎవరూ పనిగట్టుకుని రారు. వేరే పని మీద వచ్చి, చీటీ రాయించుకుని, గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి, "ఇంకో ముచ్చట డాక్టరమ్మా" అంటారు. ముప్ఫై ఏళ్ల సర్వీసులో నేను చూసిన అసలైన జబ్బుల్లో సగం ఆ "ఇంకో ముచ్చట"లోనే ఉన్నాయి.

మచ్చల సంగతి కొంచెం చెప్పాలి. మనిషన్నాక మచ్చలుంటాయి. వాటిలో కొన్ని చూడగానే మామూలుగా ఉండవు. ఏది మామూలుది కాదో పట్టుకోవడానికి అప్పటికి మా చేతికొచ్చిన పుస్తకాల్లో నాలుగు ప్రశ్నలుండేవి. మధ్యలో గీత గీస్తే రెండు సగాలూ ఒకేలా ఉన్నాయా? అంచు సాఫీగా ఉందా, ఎలుక కొరికినట్టుందా? రంగు ఒకటేనా, గోధుమ, నలుపు, నీలం కలిసిపోయి ఉన్నాయా? బఠాణీ గింజకన్నా పెద్దదా? ఈ నాలుగింటికీ తప్పు జవాబులు వచ్చినా అది క్యాన్సరని కాదు. అలాంటి మచ్చలు చాలావరకు మనిషితోనే ముసలివై, మనిషితోనే పోతాయి. ఎక్కడో ఒకటి మాత్రం తిరగబడుతుంది. తిరగబడ్డదాన్ని చర్మపు పై పొరలో ఉండగా తీసేస్తే మనిషి బతుకుతాడు. లోపలికి దిగాక తీస్తే మన చేతిలో ఏమీ ఉండదు. అందుకే అయిదో ప్రశ్న అన్నిటికన్నా పెద్దది. ఆ మచ్చ మారుతోందా?

ఆ ప్రశ్నకే మా దగ్గర జవాబు ఉండేది కాదు. ఎప్పటినుంచి ఉందంటే "పుట్టినకాంచి" అంటారు. పెరిగిందా అంటే "ఏమో" అంటారు. పోల్చి చూద్దామంటే ఇంటికంతటికీ ఒకటే పెళ్లి ఫోటో, అందులో ఎవరి అరికాలూ కనిపించదు. పైగా మన నేల మీద ఈ జబ్బు ఎక్కువగా వచ్చేది పాదాలకు. చెప్పుల్లేకుండా బురదలో, రాళ్లలో తిరిగే పాదాన్ని ఎవరు గమనిస్తారు?

ఈ ప్రశ్న విలువ నాకు కోదాడలో పనిచేస్తున్నప్పుడు, 1984లో తెలియాల్సింది. తెలియలేదు. మేళ్లచెరువు వైపు సున్నపురాయి లారీల మీద పనిచేసే యాదగిరి అనే హమాలీ మడమ పగిలి వచ్చాడు. కట్టు కడుతుంటే అరికాలిలో నల్లని మచ్చ కనిపించింది. అతనే నవ్వుతూ, "అరికాల్లో మచ్చుంటే దేశాలు తిరుగుతారంటండీ, అందుకే లారీ ఎక్కాను" అన్నాడు. నేనూ నవ్వాను. పక్కనున్న అతని భార్య మాత్రం నవ్వలేదు. "పెళ్లిలో మా నాన్న ఈయన కాళ్లు కడిగినప్పుడు పెసరగింజంతే ఉందంటమ్మా. ఇప్పుడు చూసి ఇదేందిరా అన్నాడు" అంది. బయట వరుస పెద్దదిగా ఉంది. పెళ్లినాటి కబుర్లు ఇప్పుడెందుకమ్మా అని ఆమెను గది బయట నిలబడమన్నాను. చీటీ మీద "మడమ పగులు, కట్టు" అని రాశాను. రెండేళ్లకు యాదగిరి గజ్జల్లో నిమ్మకాయంత గడ్డతో వచ్చాడు. అప్పటికి మచ్చ పుండైంది. హైదరాబాద్ పంపాను. ఆ ఏడాది దాటలేదు.

అది నా తప్పు. దీనికి మెత్తని మాట వెతకను.

పాలకు నోరు కాలినవాడు చల్లను ఊదుకు తాగుతాడంటారు. తర్వాత సూర్యాపేటకు మారాక కనిపించిన ప్రతి మచ్చనూ కోశాను. ముక్కను ఫార్మలిన్ సీసాలో వేసి పరీక్షకు హైదరాబాద్ పంపడం, నెలకు "మామూలు మచ్చ" అని కాగితం రావడం. ఈలోగా కాలి గాయాలతో బురదలో దిగిన ఆడవాళ్లు చీము పట్టి తిరిగొచ్చేవారు. ఒకామెకు పాదమంతా వాచి నెల రోజులు మంచం దిగలేదు. లేని జబ్బుకు నేను పెట్టిన జబ్బు అది. అక్కడి సివిల్ సర్జన్, రిటైర్మెంటుకు దగ్గరపడ్డ పెద్దాయన, ఒకరోజు నన్ను పిలిచి కూర్చోబెట్టారు. "కత్తి నీ చేతిలో ఉంది గదా అని కొయ్యకమ్మా. కోసే ముందు ఎందుకు కోస్తున్నవో కేసు షీటు మీద ఒక్క వాక్యం రాయి. రాయరాకపోతే కొయ్యకు" అన్నారు. ఆయన అరవలేదు. అరిచినా బాగుండేదనిపించింది.

అప్పట్నుంచి కోయడం తగ్గించి కాచుకోవడం నేర్చుకున్నాను. పాత ఎక్స్‌రే ఫిల్ములను బ్లీచింగ్ నీళ్లలో నానబెట్టి రుద్దితే అద్దంలా తేటపడేవి. ఆ ముక్కను మచ్చ మీద పెట్టి, అంచు వెంబడి పెన్నుతో గీసి, పేరు రాసి కవర్లో దాచేదాన్ని. మూడు నెలలకు రమ్మని చెప్పి మళ్లీ గీసి పోల్చడం నా పద్ధతి. చూడటానికి బాగానే ఉండేది. కానీ రమ్మన్నవాళ్లు వచ్చేవారు కాదు. వచ్చిన ఒకరిద్దరిలోనూ రెండు గీతలు సరిగ్గా కలిసేవి కావు. మచ్చ మారిందో, నేను ఫిల్మును అడ్డంగా పెట్టానో తెలిసేది కాదు. అయినా ఆ పద్ధతి మీద నాకు గర్వమే.

ఆ గర్వంతోనే మిర్యాలగూడకు వచ్చాను. జులై నెల, నాట్ల రోజులు. ఒక బుధవారం ఓపీ సగంలో ఇద్దరు లంబాడీ ఆడవాళ్లు వచ్చారు. పెద్దవూర దగ్గర తండా నుంచి పొద్దుటి బస్సు పట్టుకుని వచ్చారట. చిన్నామె పేరు మంగ్లి, ముప్ఫై ఏళ్లుంటాయి. వెంట వచ్చిన ముసలామె ఆమె అత్త హీరీబాయి. మంగ్లి ముఖం చూస్తే ఆమెకు రావడం ఇష్టం లేదని తెలుస్తోంది. హీరీబాయి ఆమె రెక్క పట్టుకుని బల్ల మీద కూర్చోబెట్టి, కాలు ఎత్తి, నా ముందు పెట్టింది.

ఎడమ పాదం లోపలి వైపు, చీలమండ ఎముకకు కొంచెం కింద మచ్చ. చర్మం పల్చగా ఉండే చోటు. కాలి కడియం సరిగ్గా అక్కడే రాసుకుంటోంది. రెండుసార్లు నెత్తురొచ్చిందట. భూతద్దం పెట్టి చూశాను. సైజు బఠాణీకన్నా పెద్దదే. ఒక పక్క అంచు సాఫీగా ఉంది, మడమ వైపు అంచు వంకరగా ఉంది. రంగు రెండు మూడు రకాలు. జబ్బు పాకితే ముందు గడ్డ తేలేది గజ్జల్లోనే, అక్కడా తడిమి చూశాను. గడ్డల్లేవు.

మంగ్లి ముందే చెప్పేసింది. "కోత గీత ఇప్పుడొద్దు డాక్టరమ్మా. నాట్లున్నయ్. పదిమంది ఆడోళ్లను నేనే తోల్కపోవాలె. మాటిచ్చిన. నాట్లైనంక వస్త."

నిజం చెప్పాలంటే నాకూ అదే అనుకూలంగా అనిపించింది. నెత్తురు కడియం రాపిడి వల్ల కావచ్చు. అంచు వంకర కూడా రాపిడి వల్లే కావచ్చు. సూర్యాపేటలో మంచం పట్టిన ఆమె పాదం కళ్ల ముందు మెదిలింది. కేసు షీటు మీద రాయడానికి నా దగ్గర ఒక్క వాక్యం లేదు. కడియం తీసేయమని, మూడు నెలలకు రమ్మని చెప్పి, సొరుగులోంచి ఫిల్ము ముక్క తీశాను. మచ్చ మీద పెట్టి అంచు గీయడం మొదలుపెట్టాను.

హీరీబాయి ముందుకు వంగి ఆ ఫిల్మును చూసింది. "ఏం చేస్తున్నవ్ బిడ్డా?"

మచ్చ ఇప్పుడు ఎంతుందో గీసి పెట్టుకుంటున్నానని, మళ్లీ వచ్చినప్పుడు పెరిగిందో లేదో తెలుస్తుందని చెప్పాను.

ఆమె నన్ను వింతగా చూసింది. మంచినీళ్ల బావి పక్కన నిలబడి నీళ్లెక్కడని అడిగినవాళ్లను చూసినట్టు. తర్వాత నవ్వింది. "నువ్వు ఇయ్యాల గీస్తున్నవ్. నేను గీసి పదకొండేండ్లాయె. సూడు" అని వేలు పెట్టి చూపింది.

మచ్చకు మోకాలి వైపున, వేళ్ల వైపున, అరికాలి వైపున మూడు పచ్చబొట్టు చుక్కలున్నాయి. సన్నగా, ఒక్కొక్కటి ఆవగింజంత. మంగ్లి కాళ్ల మీద, చేతుల మీద పచ్చబొట్లు చాలా ఉన్నాయి. ఇవీ వాటిలోవేననుకుని నేను లెక్కలోకి తీసుకోలేదు. చూసినా చూడలేదన్నమాట. మచ్చకూ ఈ మూడు చుక్కలకూ మధ్య సమానంగా కొంచెం జాగా ఉంది.

"అయిదు పెట్టిన. గిది తండాకు కోడలై వచ్చిన ఏడు, పెద్దోడు పుట్టకముందు. తండల అందరికి పచ్చబొట్లు నేనే పొడుస్త. మచ్చ మీద సూది పెట్టొద్దు. సుట్టు పెట్టాలె. జొన్నగింజంత జాగ ఇడిసి పెట్టాలె."

మిగతా రెండు చుక్కలు ఏవని అడిగాను.

"గందుకే గదా నీ కాడికి తెచ్చిన. మింగింది."

భూతద్దం మళ్లీ పెట్టాను. ఈసారి మచ్చను కాదు, మడమ వైపు అంచును వెతికాను. బల్లను కిటికీ దగ్గరికి జరిపించి, ఎండ పడేలా కాలు తిప్పించాను. వంకరగా ఉన్న ఆ గోధుమ నలుపు కింద, అడుగున ఉన్న గాజుపూసలా, పచ్చని చుక్క ఒకటి మసకగా కనిపించింది. ఇంకొంచెం పక్కన రెండోది. అది సగం మచ్చ కింద, సగం బయట.

అన్నేళ్లు నేను అడుగుతున్న అయిదో ప్రశ్నకు జవాబు ఒక మనిషి చర్మం మీదే రాసి ఉంది. రాసింది చదువు లేని ముసలామె. గీసింది చెరిగిపోయే పెన్నుతో కాదు. దాచింది పోయే కవర్లో కాదు.

ఆమెను కుర్చీలో కూర్చోమన్నాను. బయట వరుసలో గొణుగుడు మొదలైంది. ఈసారి గొణగనిచ్చాను. ఎందుకు ఇలా చుట్టూ పెడతావవ్వా అని అడిగాను.

ఆమె చిన్నప్పుడు వాళ్ల చిన్నమ్మ కాలి మచ్చ పెరిగిందట. "మచ్చ ఒక్కకాడ నిలబడి ఉండాలె బిడ్డా. నడిసిందంటే మనిషిని తోల్కపోతది. మా చిన్నమ్మ మచ్చ నడిసింది. మూడేండ్లకు ఖతమైంది. నడుస్తున్నట్టు ఎవలకు ఎరుక లేదు. గప్పటిసంది మా అమ్మ ఎవలకు పొడిసినా మచ్చ కనవడితె సుట్టు చుక్కలు పెట్టేది. నాకు గదే నేర్పింది."

పెట్టి ఊరుకోవడం కాదు. ఏటా తీజ్ పండుగకు తండా అంతా ఒకచోట కూడినప్పుడు, ఆమె ఒక్కొక్కరి చుక్కలు చూస్తుందట. ఎవరికి ఎక్కడ మచ్చ ఉందో, ఎన్ని చుక్కలు పెట్టిందో ఆమెకు నోటికి వచ్చు. మూడు నెలలకు రమ్మంటే నా దగ్గరికి ఎవరూ రారు. ఈమె ఏడాదికోసారి తానే వాళ్ల దగ్గరికి వెళుతోంది. మా శాఖలో దీన్ని ఫాలో అప్ అంటారు. దానికి రిజిస్టర్లుంటాయి, నింపని గడులుంటాయి.

"పోయిన తీజ్‌కు ఒక్క చుక్కను ముట్టుకుంది. ముట్టుకుంటె రావొద్దు, దాటితె రావాలె అనుకున్న. మొన్న స్నానంకాడ సూసిన. దాటింది." అంటూ కోడలి వైపు తిరిగి వాళ్ల భాషలో ఏదో గట్టిగా అంది. మంగ్లి తల దించుకుంది. తిట్టేనని అర్థమైంది.

అయినా నేను సర్జన్ని. ఒక మాట చెప్పగానే నమ్మేస్తే పనికిరాను. వేరే కారణం ఏదైనా ఉందేమోనని లెక్క వేసుకున్నాను. కాన్పుల్లో కాళ్లు వాచి చర్మం సాగిందనుకుంటే, చుక్కలు మచ్చకు దూరం జరగాలి, దగ్గర కాదు. మచ్చ మామూలుగా పెరిగిందనుకుంటే అన్ని వైపులా సమానంగా పెరగాలి. ఇక్కడ మూడు వైపులా జొన్నగింజంత జాగా పదకొండేళ్లుగా అలాగే ఉంది. ఒక్క మడమ వైపే మచ్చ నడిచింది. అది కూడా చాలావరకు ఈ ఏడాదిలో. కడియం రాపిడికి పుండు పడుతుంది గానీ, మచ్చ ఒక పక్కకు నడవదు. నా దగ్గరున్న ఏ పుస్తకమూ ఇంత స్పష్టమైన సాక్ష్యం అడగలేదు.

కేసు షీటు తీసుకుని సూర్యాపేట పెద్దాయన చెప్పిన ఆ ఒక్క వాక్యం రాశాను. "మచ్చ ఒక పక్క రెండు చుక్కలు దాటింది." ఇంగ్లీషులో రాయాల్సిన కాగితం మీద తెలుగులోనే రాశాను.

మంగ్లికి చెప్పాను. నాట్లయ్యాక కాదు, శుక్రవారమే కోయాలి. పదిహేను రోజులు బురదలో దిగకూడదు. ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. జబ్బుకు కాదు, ఇచ్చిన మాట పోతుందని. "పదిమంది నా ముఖం చూసి ఒప్పుకున్నరు" అంది.

హీరీబాయి లేచి నిలబడింది. "దీని వరుస నేనేస్త. దీని ముఖం బదులు నా ముఖం చూస్తరు. అయిపాయె." అరవై దాటిన మనిషి. మోకాళ్లు పట్టుకుని లేచిన మనిషి.

శుక్రవారం థియేటర్లో లోకల్ మత్తు ఇచ్చి తీశాను. ఇలాంటి మచ్చను గీకకూడదు, కాల్చకూడదు, ముక్కలుగా తీయకూడదు. చుట్టూ కొంచెం మంచి చర్మంతో సహా, కింద కొవ్వు దాకా, పడవ ఆకారంలో ఒకే ముక్కగా తీయాలి. పడవ ఆకారమైతేనే కుట్లు సరిగ్గా కలుస్తాయి. అయిదు చుక్కలూ ఆ ముక్కలోనే వచ్చేలా గీత గీసుకున్నాను. తీసిన ముక్కకు మడమ వైపు ఒక నల్లదారం ముడి వేశాను. హైదరాబాద్‌లో సూక్ష్మదర్శిని కింద చూసే పెథాలజిస్టుకు ఏ పక్క ఏదో తెలియడానికి మేము వాడే గుర్తు అది.

బయటికి రాగానే హీరీబాయి సీసా చూపించమంది. వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూసి, "నా చుక్కలు గూడ పోయినయా" అంది. పోయాయన్నాను. "పోనీ" అంది. తర్వాత, "పైకి మూడు కనవడుతున్నయ్. లోపల రెండున్నయని ఆళ్లకు జెప్పు" అంది.

చెబుతానన్నాను. చెప్పలేదు. సీసాతో పంపే ఫారంలో "మచ్చలో మార్పు" అని మాత్రం రాశాను. కాలేజీలో మాకు పాఠం చెప్పిన పెథాలజీ ప్రొఫెసరుగారు అది చదువుతారు. పచ్చబొట్లు పొడిచే ఆమె చెప్పిందని రాస్తే ఏమనుకుంటారోనని సిగ్గుపడ్డాను. గడ్డి తినే బుద్ధి ఒక్కోసారి డిగ్రీలున్నవాళ్లకే పుడుతుంది.

రిపోర్టుకు నాలుగు వారాలు పట్టింది. ఈలోగా కుట్లు విప్పాను. గాయం మానింది. హీరీబాయి నాట్లు పూర్తి చేసి నడుము పట్టేసి వచ్చింది. ఆమెకు నొప్పి మాత్రలు రాసిచ్చాను.

ఆ కాగితం మొదటి వరుస చదివి కుర్చీలో వెనక్కి వాలాను. మచ్చలో చాలాభాగం మామూలు కణాలే. దారం కట్టిన పక్క మాత్రం కణాలు క్యాన్సర్‌గా మారాయి. అయితే చర్మపు పై పొరలోనే ఉన్నాయి. కింది పొరకు ఎక్కడా దిగలేదు. కుట్టు చుట్టూ మరో అర సెంటీమీటరు చర్మం తీస్తే సరిపోతుంది. రిపోర్టు కింద ప్రొఫెసరుగారు చేత్తో రెండు వరుసలు అదనంగా రాశారు. "దారం వైపు, మారిన కణాలకు సరిగ్గా దిగువన, కింది పొరలో మసి వంటి నల్లని రేణువులు రెండు చోట్ల గుంపుగా ఉన్నాయి. మచ్చ రంగు కాదు. ఇది ఏమిటో తెలుపగలరు."

చర్మం రెండంతస్తుల ఇల్లు. పచ్చబొట్టు మసి కింది అంతస్తులో ఉంటుంది, అందుకే జీవితాంతం చెరగదు. మంగ్లి మచ్చలో తిరగబడ్డ కణాలు పై అంతస్తులోనే పాకుతూ, ఆ మసి చుక్కల మీదుగా దాటిపోయాయి. చుక్కలున్న లోతుకు ఇంకా అడుగు పెట్టలేదు. ఎంత దూరం నడిచిందో ఆ చుక్కలు మాకు బయటినుంచి చెప్పాయి. ఎంత లోతు దిగలేదో లోపలినుంచి చెప్పాయి. ఆ కాగితాన్ని నేను ఎన్నిసార్లు చదివానో చెప్పలేను. పదిహేనేళ్లు చదివినదాన్ని, కత్తి పట్టినదాన్ని, మూడు సూదులు కట్టి దీపపు మసి అద్దే ఒక చేతి ముందు అంత చిన్నదాన్నైపోవడం అదే మొదలు. అందులో అవమానం లేదు. పెద్ద కొండ ముందు నిలబడ్డప్పుడు మనం పొట్టివాళ్లమని ఎవరూ ఏడవరు.

ఈసారి సిగ్గుపడలేదు. ప్రొఫెసరుగారికి రెండు పేజీల ఉత్తరం రాశాను. హీరీబాయి పేరు, ఆమె తల్లి పద్ధతి, జొన్నగింజంత జాగా, తీజ్ పండుగ లెక్క అన్నీ రాశాను. ఆయన పోస్టు కార్డు మీద బదులిచ్చారు. "ఆ తల్లిని అడిగి, మిగతా తండావాళ్ల చుక్కలు కూడా ఒకసారి చూసి రండి" అని.

రెండో ఆపరేషన్ మంగ్లి ఒక్క మాట అనకుండా చేయించుకుంది. పాదంలో చర్మం బిగుతు గనుక తొడ నుంచి చిన్న అతుకు వేయాల్సి వచ్చింది. తీసిన అంచుల్లో చెడ్డ కణాలు లేవని కాగితం వచ్చింది. ఆ తర్వాతి తీజ్‌కు నేను తండాకు వెళ్లాను. హీరీబాయి ఒక్కొక్కరినీ పిలిచి కాలో చెయ్యో చాపమని, చుక్కలు లెక్కబెట్టి చూపింది. నేను ఆమె వెనక నడిచాను. ఎవరి చుక్కా దాటలేదు. అక్కడున్నవాటిలో పుస్తకం ప్రకారం కోయాల్సినవి నాలుగైదున్నాయి. సూర్యాపేట రోజులైతే కోసేసేదాన్ని. చుక్కల మధ్య ఏళ్ల తరబడి బుద్ధిగా కూర్చున్న మచ్చలు అవి. ఏ ఒక్కటీ కోయలేదు.

1997లో బదిలీ అయ్యేదాకా మంగ్లి ఏటా వచ్చేది. గజ్జలు తడిమి చూసి, అతుకు చూసి పంపేదాన్ని. రెండో ఏడు వచ్చినప్పుడు అతుకు చుట్టూ కొత్తగా ఆరు పచ్చని చుక్కలున్నాయి. హీరీబాయి నా ముఖంలోకి చూసి, "నువ్వు కోసినవ్ గదా, గాడనే ఉంటదో మళ్ల నడుస్తదో, ఎవలు సూడాలె?" అంది. బాగానే చేశావన్నాను. నేను చూసినన్నాళ్లూ చుక్కలూ అతుకూ ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఈ కేసు తర్వాత నా పనిలో రెండు మార్పులు వచ్చాయి. ఒకటి, ఫిల్ము మీద మచ్చ ఒక్కదాన్నే గీయడం మానేశాను. పక్కనున్న కదలని గుర్తు ఏదైనా, పచ్చబొట్టో పాత గాయమో చర్మపు మడతో, దాంతో కలిపి గీసేదాన్ని. కదిలేదాన్ని కదలనిదాని పక్కన పెట్టి కొలవకపోతే అది కొలత కాదు. రెండు, మచ్చ చీటీ మీద మొదటి వరుసగా "ముందు దీన్ని ఎవరు చూశారు, ఏమన్నారు?" అని రాసుకునేదాన్ని. తల్లి, భార్య, తల దువ్విన అక్క, కాళ్లు కడిగిన మామ, ఎవరైనా సరే, వాళ్లను గదిలోకి పిలిచి కూర్చోబెట్టి అడిగి, జవాబు వచ్చాకే భూతద్దం తీసేదాన్ని. ఎప్పుడు కోయాలన్నది ఆ జవాబును బట్టే తేలేది.

కోదాడలో యాదగిరి చీటీ మీద ఆ వరుస లేదు. చెప్పడానికి మనిషి వచ్చింది. నేనే బయట నిలబడమన్నాను.